సీరియల్ తీగ గుండా ఎదురెక్కే కరెంటు

సంపాదకులు గారికి,

నమస్కారాలు. మీ పత్రిక విద్యా పేజీలో విద్యార్థులు తయారుచేసిన ఎలక్ట్రానిక్ పరికరాల గురించి, వైరింగ్ బొమ్మలతో సహా, కొంతకాలంగా వస్తున్న వ్యాసాలను నేను కత్తిరించి దాచుకుంటున్నాను. ఆ బొమ్మలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. ఒక బోర్డు, పక్కన ఇంకో బోర్డు, రెండింటికీ వేర్వేరు కరెంటు, మధ్యలో మూడు తీగలు. మొదటి బోర్డు టీఎక్స్ (సంకేతాలను ఒకదాని వెంట ఒకటి, అంటే సీరియల్‌గా, పంపే) పిన్ నుంచి రెండో బోర్డు ఆర్ఎక్స్ (వాటిని అందుకునే) పిన్‌కు ఒకటి, రెండోదాని టీఎక్స్ నుంచి మొదటిదాని ఆర్ఎక్స్‌కు ఒకటి, సున్నా వోల్టుల చోటైన గ్రౌండ్‌కు ఒకటి. రెండు బోర్డులకూ కరెంటు ఉన్నంతసేపు ఆ బొమ్మ ప్రకారం కట్టిన పరికరం చక్కగా పనిచేస్తుంది. ఒకదానికి కరెంటు ఉండి రెండోదానికి పోయినప్పుడు ఏమవుతుందో మాత్రం ఆ బొమ్మ చెప్పదు. ఆ సంగతి మీ పాఠకులకు, ముఖ్యంగా మా సరిహద్దు జిల్లాల తెలుగు పిల్లలకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో 23 ఏళ్లుగా ఎలక్ట్రానిక్స్ మరమ్మతులు చేస్తున్నాను. రేడియోలు, టేపు రికార్డర్లతో మొదలుపెట్టి, టీవీలు, స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు దాటి వచ్చాక, ఇప్పుడు నా బల్ల మీదికి ఎక్కువగా చేరేవి ఈ చిన్న చిన్న కంట్రోలు బోర్డులే. కాశీనగరం, గుణుపురం నుంచీ, మహేంద్రతనయ దాటితే వచ్చే పాతపట్నం నుంచీ పిల్లలు, రైతులు వీటిని సంచుల్లో వేసుకుని తెస్తారు. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఈ బోర్డుల పుస్తకాల్లో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య ఏదో ఒక ముఖ్యమైన మాట జారిపోతూ ఉంటుంది. ఇక్కడ జారిపోయిన మాట, సంకేతం మోసే తీగ కరెంటు కూడా మోస్తుందన్నది.

గత ఏడాది ఆషాఢంలో కాశీనగరం వైపు నుంచి ఒక రైతు, పాలిటెక్నిక్ చదువుతున్న ఆయన కొడుకు నా దుకాణానికి వచ్చారు. అబ్బాయి తన పొలంలోని నీటి తొట్టికి ఒక పరికరం కట్టాడు. స్టార్టరు పెట్టెలో ఒక బోర్డు ఉంటుంది, అది ఇంటి కరెంటు నుంచి 5 వోల్టుల ఛార్జరుతో నడుస్తుంది, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ద్వారా మోటారును ఆన్, ఆఫ్ చేస్తుంది. తొట్టి మీద ఇంకో బోర్డు ఉంటుంది, అది చిన్న సోలార్ పలక, బ్యాటరీలతో నడుస్తుంది, నీటి మట్టం ఎంతుందో కొలిచి నాలుగు మీటర్ల కేబులు మీదుగా మోటారు బోర్డుకు చెబుతుంది. పని తెలిసి చేసిన పరికరమే. అతుకులు చక్కగా ఉన్నాయి, పెట్టెలోకి వాన నీరు రాకుండా రబ్బరు పట్టీ కూడా వేశాడు. ఆ వయసులో నేను అంత శుభ్రంగా అతుకు వేయలేదు.

వాళ్లు చెప్పిన ఫిర్యాదులు రెండు. తొట్టి బోర్డు అప్పుడప్పుడు బిగుసుకుపోతోందట. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే తేరుకోవాలి కదా, వేసినా తేరుకోవడం లేదు. కేబులు ప్లగ్గు ఊడబీకి పెడితేనే బాగుపడుతోంది, అందుకోసం రాత్రిపూట టార్చి పట్టుకుని పొలానికి నడవాల్సి వస్తోంది. రెండో ఫిర్యాదు బ్యాటరీ గురించి. లెక్క ప్రకారం మూడు నాలుగు రోజులు మబ్బు పట్టినా ఆగాల్సిన బ్యాటరీ, కరెంటు కోత ఉన్న ఒకటి రెండు రాత్రులకే నీరసించిపోతోంది. ఈ రెండూ వేర్వేరు జబ్బులనుకుని అబ్బాయి ఒకసారి బోర్డు, ఒకసారి బ్యాటరీ మార్చాడు. ఆ డబ్బు వృథా అయింది. తండ్రి మాత్రం అసలు లక్షణాన్ని ఒక్క ముక్కలో పట్టుకున్నాడు. "స్విచ్చి కట్టేసినా దీపం ఎలుగుతోంది మాస్టారూ, ఇందులో ఏటో ఉంది" అన్నాడు.

ఆయన అన్న మాట నిజమే. రెండు బోర్డులనూ బల్ల మీద పెట్టి, మోటారు బోర్డుకు కరెంటు ఇచ్చి, తొట్టి బోర్డు స్విచ్ ఆపాను. మీటరు నల్ల తీగను గ్రౌండ్‌కు, ఎర్ర తీగను ఆ ఆపేసిన బోర్డు సప్లై (కరెంటు అందే) పిన్‌కు ఆనించాను. సున్నా చూపించాల్సిన చోట 3.6 వోల్టులు చూపించింది. బోర్డు మీది ఎర్ర దీపం, కాస్త మందంగానే అయినా, నిలకడగా వెలుగుతోంది. తర్వాత మోటారు బోర్డు టీఎక్స్ నుంచి వచ్చే ఒక్క తీగను పీకాను. మీటరు అంకె జారుతూ జారుతూ సున్నాకు వచ్చింది, దీపం ఆరింది. అదే తీగ మధ్యలో మీటరును మిల్లీఆంపియర్ల మీద పెట్టి చూస్తే 18 మిల్లీఆంపియర్లు పారుతున్నాయి. స్విచ్ ఆపిన బోర్డు ఆగలేదు. సంకేతాల తీగ మీద బతుకుతూ, బిగుసుకున్న స్థితిలో అలాగే ఉండిపోయింది. అబ్బాయి ఆ తీగను తన చేత్తో పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూసుకున్నాడు.

ఇలా ఎందుకు జరుగుతుందో చెప్పాలంటే రెండు విషయాలు తెలియాలి. మొదటిది, ఈ బోర్డుల మధ్య సీరియల్ తీగ ఏ మాటా పంపకుండా ఊరుకున్నప్పుడు సున్నా వోల్టుల మీద ఉండదు. ఊరుకున్న తీగ ఎత్తులోనే ఉంటుంది, అంటే 5 వోల్టుల బోర్డు అయితే 5 వోల్టులు, 3.3 వోల్టుల బోర్డు అయితే 3.3 వోల్టులు. మాట మొదలయ్యేటప్పుడు మాత్రమే అది కిందికి దిగుతుంది. కాబట్టి రోజులో నూటికి తొంభై పాళ్లు ఆ తీగ నిండు వోల్టేజితో అవతలి పిన్ మీద ఒత్తుతూనే ఉంటుంది. రెండో విషయం, చిప్‌లోని దాదాపు ప్రతి పిన్ వెనుకా స్థిర విద్యుత్తు దెబ్బ నుంచి కాపాడడానికి, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే రెండు చిన్న డయోడ్లు ఉంటాయి. ఒకటి పిన్ నుంచి సప్లై వైపు, ఇంకొకటి గ్రౌండ్ నుంచి పిన్ వైపు తెరుచుకుంటాయి. చిప్‌కు తన సప్లై ఉన్నంతవరకు పై డయోడ్ మూసుకునే ఉంటుంది, ఎందుకంటే పిన్ వోల్టేజి సప్లైని మించదు. సప్లై పోగానే పిన్ మీద 5 వోల్టులు, సప్లై పట్టీ మీద సున్నా. పై మడి నిండుగా ఉండి కింది మడి ఎండిపోతే నీరు గట్టు దాటినట్టు, కరెంటు ఆ డయోడ్ దాటి లోపలి సప్లై పట్టీలోకి దిగి, అక్కడి నుంచి బోర్డంతా పరుచుకుంటుంది. పంపే పిన్ లోపలి నిరోధం దగ్గర కొంత, డయోడ్ దగ్గర కొంత తగ్గి, మిగిలినదే నా మీటరు చూపించిన 3.6 వోల్టులు.

ఆ అబ్బాయి వాడిన ఏటీమెగా328 చిప్ వివరణ పుస్తకంలో, రీసెట్ పిన్ తప్ప ఏ పిన్ మీదా వోల్టేజి సప్లై కంటే అర వోల్టుకు మించి ఉండకూడదని గరిష్ఠ పరిమితి రాసి ఉంటుంది. సప్లై 5 ఉన్నప్పుడు ఆ మాట ఎవరికీ అడ్డు రాదు. సప్లై సున్నా అయిన క్షణంలో ఆ పరిమితి అర వోల్టుకు దిగిపోతుంది, మనం మాత్రం 5 వోల్టులు పెట్టి ఉంచుతాం. అదే జాతి చిప్‌ల తయారీదారులు ఇంకో వివరణ పత్రంలో, ఈ రక్షణ డయోడ్ల గుండా 1 మిల్లీఆంపియరుకు మించి కరెంటు పోనివ్వడం మంచిది కాదని చెప్పారు. మేము కొలిచినది 18. అన్ని వారాలు ఆ చిప్ కాలిపోకుండా నిలవడం దాని గట్టితనం, అంతే.

కాలిపోవడం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది అరకొర ప్రాణం. పూర్తి కరెంటు ఉన్న చిప్ సరిగా పనిచేస్తుంది, పూర్తిగా లేని చిప్ ఏమీ చేయదు, ఈ రెండింటికీ మధ్య 2 వోల్టులు, 3 వోల్టుల దగ్గర వేలాడే చిప్ ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. చిప్ మొదటి నుంచి మొదలుపెట్టాలంటే సప్లై ఒక హద్దు కిందికి దిగి మళ్లీ లేవాలి. దొడ్డిదారిన వచ్చే వోల్టేజి దాన్ని ఆ హద్దు కిందికి దిగనివ్వదు కనుక స్విచ్ ఎన్నిసార్లు ఆపి వేసినా రీసెట్ జరగదు. మెమరీ కార్డులో రాస్తూ ఉండగా వోల్టేజి ఇలా సగంలో ఊగితే రాసినదంతా చెడిపోవచ్చు. ఇంకా చెడ్డది లాచప్. చిప్ తయారీలో తనంతట తానే ఏర్పడే నాలుగు పొరల నిర్మాణం ఒకటి లోపల నిద్రలో ఉంటుంది. పిన్ గుండా ఎక్కువ కరెంటు చొరబడినప్పుడు అది థైరిస్టరు అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లా తెరుచుకుని, సప్లైని నేరుగా గ్రౌండ్‌కు కలిపేస్తుంది. ఒకసారి తెరుచుకుంటే సప్లై పూర్తిగా తీసేదాకా మూసుకోదు, ఈలోగా చిప్ ముట్టుకోలేనంత వేడెక్కుతుంది. పిన్ మీద ముందే వోల్టేజి ఉండగా తర్వాత సప్లై వచ్చే సందర్భం దీనికి అనువైనది, మా వైపు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా జరిగేది సరిగ్గా అదే.

ఇక బ్యాటరీ సంగతి. రాత్రి ఊరికి కరెంటు పోగానే మోటారు బోర్డు ఆగిపోవాలి. తొట్టి బోర్డు తన బ్యాటరీతో బతికే ఉంటుంది కాబట్టి దాని టీఎక్స్ తీగ ఇప్పుడు అటువైపు, మోటారు బోర్డుకు, కరెంటు పోయడం మొదలుపెడుతుంది. అటు కూడా దాదాపు అంతే పారుతుందనుకుంటే పది గంటల కోతకు 180 మిల్లీఆంపియర్ గంటలు. అబ్బాయి వేసిన లెక్కలో ఈ ఖర్చు లేదు. రెండు జబ్బులకూ మూలం ఒకటేనని అప్పుడు తేలింది. మోటారును తిప్పే రిలే ఉన్న బోర్డు మీద ఇలాంటి సగం ప్రాణం ఉండడం నాకు అసలు ఇష్టం లేదు. ఆ పెట్టెలో చేయి పెట్టేది ఇంటి మనిషే.

ఈ విషయం పట్టణాల కంటే మా ఊళ్లకే ఎక్కువ అవసరమని నేను నమ్మడానికి కారణం కూడా ఇదే. కరెంటు ఎప్పుడూ పోని చోట రెండు బోర్డులూ ఎల్లప్పుడూ వెలుగుతూనే ఉంటాయి, ఈ లోపం ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. కొండల అంచున, వంశధార ఒడ్డున, గాలివానకు తీగలు తెగే చోట, పగలు సోలారు, రాత్రి బ్యాటరీ, మధ్యలో లైను కరెంటు ఉండే చోట, ఒక బోర్డు మేల్కొని ఇంకొకటి నిద్రపోవడం ప్రతిరోజూ జరిగే పని. ఎదురెక్కే కరెంటు ఎంత ప్రమాదమో మా లైన్‌మన్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు, స్తంభాలు కూలి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. అలాంటప్పుడు ఒక ఇంట్లో జనరేటరు పెట్టి, మెయిన్ స్విచ్ వేరు చేయకుండా ఇంటి వైరింగులోకి కలిపితే, ఆ 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మరులోకి ఎదురెక్కి అవతల 11 వేల వోల్టులుగా మారతాయి. లైను ఆపేశామన్న ధైర్యంతో స్తంభం ఎక్కిన మనిషి ప్రాణం పోతుంది. అందుకే వాళ్లు ముందు తీగలను ఎర్త్ చేసి గాని చేయి వేయరు. బోర్డుల మధ్య జరిగేది కొలతలో వెయ్యో వంతు, పని తీరు మాత్రం అదే. ఆపేశామనుకున్న వైపు ఆగి ఉండదు.

పాత కాలపు మెకానిక్కులకు ఈ చిక్కు అంతగా తట్టకపోవడానికి కూడా కారణం ఉంది. పాత కంప్యూటర్ల వెనుక ఉండే సీరియల్ పోర్టు, అంటే 1960లో మొదలైన ఆర్ఎస్-232 పద్ధతిలో, ఊరుకున్న తీగ మీద ఉండేది ఋణ వోల్టేజి. అందుకునే చిప్ లోపల గ్రౌండ్‌కు కొన్ని కిలో ఓంల రెసిస్టరు, అంటే కరెంటును తగ్గించే నిరోధం, ఉండేది, ఆ చిప్‌లను మొరటు వోల్టేజి తట్టుకునేలా చేసేవారు. ఇప్పటి బోర్డులు మధ్యలో అలాంటి చిప్ ఏదీ లేకుండా పిన్‌కు పిన్ నేరుగా కలుస్తున్నాయి. సంకేతాల తీగ నుంచి కరెంటు తీసుకోవడం కొన్నిచోట్ల కావాలనే చేస్తారు కూడా. పాత సీరియల్ మౌసు వేరే కరెంటు లేకుండా ఆ పోర్టు కంట్రోలు తీగల మీదే నడిచేది. పిల్లలు ఎక్కువగా వాడే డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సరు, తీగ ఎత్తులో ఉన్నంతసేపు లోపలి చిన్న కెపాసిటరును నింపుకుని, సప్లై తీగ లేకుండానే పనిచేయగలదు. దాన్ని అందుకోసమే తయారుచేశారు, ఎంత కరెంటు ఎటు పోవాలో ముందే నిర్ణయించారు. మన బోర్డుల్లో అలా ఎవరూ నిర్ణయించలేదు.

నివారణకు వస్తే, అన్నింటికంటే చవకైనది తీగకు వరుసలో ఒక రెసిస్టరు. రూపాయి కూడా పట్టదు. 1 కిలో ఓం పెడితే, అవతలి సప్లై పూర్తిగా సున్నా అయినా, 5 వోల్టులకు 5 మిల్లీఆంపియర్లకు మించి పారదు. 4.7 కిలో ఓం పెడితే 1 మిల్లీఆంపియరు చుట్టుపక్కలకు దిగుతుంది. పిల్లలు నేర్చుకోవడానికి వాడే ఆర్డుయినో ఊనో బోర్డునే చూడండి, అందులో యూఎస్‌బీ వైపు చిప్‌కూ ప్రధాన చిప్‌కూ మధ్య రెండు సీరియల్ దారుల మీదా 1 కిలో ఓం రెసిస్టర్లు పెట్టారు. ఒకే బోర్డు మీద, ఒకే సప్లై మీద ఉన్న రెండు చిప్‌ల మధ్యే వాళ్లు పెట్టినప్పుడు, రెండు వేర్వేరు సప్లైల మధ్య మనం పెట్టకపోవడం సరికాదు. రెసిస్టరు పెడితే వేగం తగ్గిపోతుందేమోనని పిల్లలు అడుగుతారు. సెకనుకు 9600 బిట్ల (సున్నా, ఒకటి సంకేతాల) వేగంలో ఒక్కో బిట్ 104 మైక్రోసెకన్లు నిలుస్తుంది. కేబులు విద్యుత్తును నిలుపుకునే గుణం (కెపాసిటెన్స్) మీటరుకు 100 పికోఫారడ్లు అనుకుంటే నాలుగు మీటర్లకు 400, దాన్ని 4.7 కిలో ఓంలతో హెచ్చవేస్తే వచ్చే ఆలస్యం 2 మైక్రోసెకన్లు కూడా ఉండదు. 115200 వేగంలో బిట్ 8.7 మైక్రోసెకన్లే కాబట్టి అక్కడ ఇంత పెద్ద విలువ పనికిరాదు, 1 కిలో ఓంతో సరిపెట్టుకోవాలి. నీటి మట్టం చెప్పడానికి ఆ వేగం ఎందుకన్నది వేరే మాట. 5 వోల్టుల బోర్డు నుంచి 3.3 వోల్టుల బోర్డుకు పంపేటప్పుడు ఎలాగూ రెండు రెసిస్టర్లతో వోల్టేజిని తగ్గించాలి. తీగలో 1 కిలో ఓం, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 2 కిలో ఓంలు పెడితే ఆ జత రెండు పనులూ చేస్తుంది.

అయితే రెసిస్టరు చిప్‌ను కాపాడుతుందే గాని ఆ అరకొర ప్రాణాన్ని పూర్తిగా తీసేయదు. కాశీనగరం బోర్డుకు 1 కిలో ఓం పెట్టి కొలిచినప్పుడు, ఆపేసిన సప్లై మీద ఇంకా 1.8 వోల్టుల దాకా మిగిలింది, దీపం మినుకుమంటూనే ఉంది. నిద్రలో మైక్రోఆంపియర్లతో బతికే నేటి చిప్‌లకు 1 మిల్లీఆంపియరు కూడా విందు భోజనమే. కనుక నేను ఆ అబ్బాయికి డయోడ్ పద్ధతి చూపించాను. అందుకునే బోర్డు ఆర్ఎక్స్ పిన్ నుంచి అదే బోర్డు సప్లైకి 10 కిలో ఓంల రెసిస్టరు కట్టాలి. తీగ మధ్యలో ఒక షాట్కీ డయోడ్‌ను (తన మీద తక్కువ వోల్టేజి మాత్రమే మిగుల్చుకునే రకం), దాని మీద గీత ఉన్న కొన పంపే బోర్డు టీఎక్స్ వైపు, గీత లేని కొన ఆర్ఎక్స్ వైపు ఉండేలా పెట్టాలి. ఇప్పుడు పంపే బోర్డు తీగను కిందికి లాగగలదు గాని పైకి నెట్టలేదు. పైకి ఎత్తే పని అందుకునే బోర్డు సొంత సప్లైది. ఆ సప్లై ఆగిపోతే ఎత్తేవాళ్లే లేరు, డయోడ్ ఎదురు దిశలో మూసుకుని ఉంటుంది, ఒక్క చుక్క కూడా లోపలికి దిగదు. షాట్కీ దొరకకపోతే మామూలు 1ఎన్4148 కూడా పనిచేస్తుంది, దాని మీద మిగిలే 0.7 వోల్టును 5 వోల్టుల చిప్ సున్నాగానే చదువుతుంది. అలా పెట్టి కొలిచినప్పుడు మీటరు సున్నా చూపించింది.

ఇందులో ఒక చిన్న మెలిక ఉంది, చెప్పకపోతే సగం చెప్పినట్టే. అందుకునే బోర్డు వెలుగుతూ, పంపే బోర్డు ఆగిపోయినప్పుడు, 10 కిలో ఓంల రెసిస్టరు నుంచి డయోడ్ గుండా ఆగిన బోర్డు టీఎక్స్ పిన్‌లోకి కాస్త కరెంటు జారుతుంది. అది అర మిల్లీఆంపియరు కూడా ఉండదు, హాని చేయదు. కానీ ఆ సమయంలో తీగ కిందికి పడి ఉంటుంది కనుక, వెలుగుతున్న బోర్డుకు అవతల ఎవరో ఆపకుండా సున్నాలు పంపుతున్నట్టు కనబడుతుంది. ప్రోగ్రాములో దాన్ని చెల్లని సందేశంగా తోసేయాలి. మాట రాకపోతే మోటారు ఆపేయాలన్న నియమం కూడా అందులోనే ఉండాలి.

బోర్డుల్లో ఒకదాన్ని ఇంకొకటి కావాలని ఆపి లేపే ఏర్పాటు ఉన్నచోట, విడిభాగాలేవీ లేకుండా ప్రోగ్రాముతోనే సగం పని అవుతుంది. అవతలి సప్లైని కట్ చేసే ముందు సీరియల్‌ను ముగించి, టీఎక్స్ పిన్‌ను సున్నాకు దించాలి, మళ్లీ సప్లై ఇచ్చాక సీరియల్ మొదలుపెట్టాలి. మోడెమ్‌ను రోజుకోసారి ఆపి లేపే పరికరాల్లో చాలామంది ఈ రెండు వరుసలు రాయడం మరిచిపోతారు. ఇంకో పొరపాటు, సప్లైని ప్లస్ వైపు కాకుండా గ్రౌండ్ వైపు ట్రాన్సిస్టరుతో తెంచడం. అలా తెంచితే ఆ బోర్డు గ్రౌండ్ గాలిలో తేలి, కరెంటు సంకేతాల తీగల గుండానే తిరుగు దారి వెతుక్కుంటుంది. తెంచేది ఎప్పుడూ ప్లస్ వైపే తెంచాలి. లాప్‌టాప్ నుంచి ప్రోగ్రాము ఎక్కించే యూఎస్‌బీ సీరియల్ అడాప్టరు విషయంలోనూ, బోర్డుకు సొంత సప్లై ఉన్నప్పుడు అడాప్టరు మీది 5 వోల్టుల తీగ కలపకూడదు. టీఎక్స్, ఆర్ఎక్స్, గ్రౌండ్, ఈ మూడే చాలు.

మోటారు స్టార్టరు పెట్టెల్లోనూ, ఆరుబయట తీగలు పోయే చోటా, నా మటుకు నేను డయోడ్ దగ్గర కూడా ఆగను. అక్కడ రెండు గ్రౌండ్లు ఒకే ఎత్తులో ఉంటాయన్న నమ్మకం లేదు. ఎర్తు లేని ఛార్జర్ల లోపల, లైను నుంచి బయటి వైపుకు వెళ్లే చిన్న కెపాసిటర్ల వల్ల, ముట్టుకుంటే జివ్వుమనే వోల్టేజి కేసింగు మీద నిలుస్తుంది. వేసవి చివర ఉరుములతో వచ్చే గాలివానల్లో దూరాన పడిన పిడుగు కూడా కేబులు మీద దెబ్బ వేస్తుంది. అక్కడ ఆప్టోకప్లరు పెట్టాలి. దాని లోపల ఒక చిన్న దీపం, ఎదురుగా దాన్ని చూసే కన్ను, మధ్యలో వెలుతురు తప్ప కరెంటు దాటే దారి లేదు. 9600 వేగానికి చవకైన పీసీ817 కష్టం మీద సరిపోతుంది, దాని అంచులు గుండ్రబడతాయి. 6ఎన్137 అయితే ఆ చింత ఉండదు. ఇందులో నేను పదే పదే చూసే తప్పు ఒకటుంది. ఆప్టోకప్లరు పెట్టి, అలవాటు కొద్దీ రెండు వైపుల గ్రౌండ్లను కూడా ఒక తీగతో కలిపేస్తారు. అలా కలిపాక ఆప్టోకప్లరు పెట్టిన ప్రయోజనం పోయినట్టే. ఒక వైపు గ్రౌండ్, సప్లై ఆ వైపువే, రెండో వైపువి రెండో వైపువే. పది మీటర్లు దాటే కేబుళ్లకు ఆర్ఎస్-485 పద్ధతి వేరే ఉంది, దాని జాగ్రత్తలు వేరు, అవి ఇక్కడ మొదలుపెడితే ఉత్తరం ఆగదు.

మీటరు ఉన్న ఎవరైనా తమ పరికరాన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. తీగలన్నీ కలిపి ఉంచి, ఒక బోర్డు సప్లై మాత్రమే ఆపి, ఆ ఆగిన బోర్డు సప్లై పిన్ మీద వోల్టేజి చూడాలి. తర్వాత ఆ బోర్డుకు కరెంటు ఇచ్చి, రెండోదాన్ని ఆపి అలాగే చూడాలి. రెండుసార్లూ అర వోల్టు లోపే ఉంటే భయం లేదు. ఒకటిన్నర, రెండు వోల్టులు కనిపిస్తే ఏ తీగ నుంచి వస్తోందో ఒక్కొక్కటిగా పీకి కనుక్కోవచ్చు. అయిదు నిమిషాల పని. పరికరాన్ని పొలంలో బిగించే ముందు చేస్తే రాత్రిపూట టార్చి అవసరం ఉండదు. స్టార్టరు పెట్టెలో మాత్రం మెయిన్ తీసేసి, బోర్డును బయటికి తెచ్చి బల్ల మీద పెట్టి కొలవాలి గాని, లైను కరెంటు ఉండగా పెట్టెలో చేయి పెట్టి కొలవకూడదు.

సంపాదకులు గారూ, మా జిల్లాల్లో ఇప్పుడు చాలా బడుల్లో ప్రయోగశాలల్లోకి ఈ బోర్డులు వచ్చాయి. పిల్లల చేతులు చురుగ్గా ఉన్నాయి, ఉపాధ్యాయులకు ఆసక్తి ఉంది. వాళ్లు చూసి కట్టేది బొమ్మను. బొమ్మలో లేని రెసిస్టరు బోర్డు మీదికి రాదు. ఆ అబ్బాయిది తెలివితక్కువతనం కాదు, అతను చూసి నేర్చుకున్న బొమ్మల్లో ఒక్కదానిలోనైనా ఆ భాగం గీసి ఉంటే తప్పకుండా పెట్టేవాడు. అతని తండ్రి ఇంగ్లీషు చదవలేడు, ఒడియా మాట్లాడతాడు గాని చదవడం రాదు, తెలుగు పత్రిక మాత్రం రోజూ చదువుతాడు. దీపం ఎందుకు ఆరడం లేదో ఆయనకు అర్థమయ్యే భాషలో అచ్చులో ఎక్కడా దొరకలేదు.

కాబట్టి నా మనవి ఇది. ఇకపై విద్యా పేజీలో రెండు వేర్వేరు సప్లైల బోర్డులను సీరియల్ తీగలతో కలిపే బొమ్మ వేసినప్పుడు, ప్రతి టీఎక్స్ తీగ మీదా కనీసం 1 కిలో ఓం రెసిస్టరు గీయించండి. మోటారు, రిలే ఉన్న బొమ్మ అయితే ఆప్టోకప్లరుతో గీయించండి. ఇప్పటికే వచ్చిన బొమ్మల్లో ఈ మార్పు అవసరమైనవి నా దగ్గరున్న కత్తిరింపుల్లో పదకొండు ఉన్నాయి. వాటిని సరిచేసి, విడిభాగాల విలువలు తెలుగులో రాసి, కొలిచి చూసిన అంకెలతో సహా పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను. దానికి పారితోషికం ఏదీ అక్కరలేదు. మొదటి రెండు బొమ్మలు ఈ ఉత్తరంతోనే జతచేస్తున్నాను. అందులో మొదటిది కాశీనగరం తొట్టిదే, ఆ అబ్బాయి స్వయంగా గీసి ఇచ్చాడు. డయోడ్ల మీది గీత ఎటు ఉండాలో ఎర్ర సిరాతో గుర్తు పెట్టాడు, అచ్చులో ఆ గుర్తు పోకుండా చూడగలరు.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ మరమ్మతుదారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.